డిస్కు పోయినా సర్వర్ ఆగకూడదంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల చాలా ఉత్తరాలు ఒకే విషయం మీద వచ్చాయి. లినక్స్ సర్వర్‌లో ఒక డిస్కు పోయినా పని ఆగకుండా, డేటా పోకుండా ఎలా ఏర్పాటు చేసుకోవాలి అని. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. ముందే ఒక మాట: రెయిడ్ (ఒకటి పోయినా మిగతావాటితో పని సాగేలా కొన్ని డిస్కుల్ని జట్టుగా కట్టడం) పెట్టినంత మాత్రాన డిస్కు పోకుండా ఉండదు, పోయాక మనకు కాస్త టైమ్ దొరుకుతుంది, అంతే. ఆ టైమ్ పనికి రావాలంటే డిస్కు పోయిందన్న సంగతి మనకు వెంటనే తెలియాలి, నాలుగింట్లో పోయింది ఏదో తెలియాలి, కొత్తది ఎక్కించడం ముందే ఒకసారి చేసి చూసి ఉండాలి. కింద జవాబుల్లో ఎక్కువ చోటు వీటికే పోయింది.

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్ అండీ. ఎక్స్‌రేలు, స్కానింగ్ ఇమేజ్‌లు అన్నీ ఒక ఉబుంటు సర్వర్‌లోకి వెళ్తాయి. ఇన్నాళ్లూ ఒకటే డిస్కు. ఇప్పుడు 4 టీబీవి రెండు కొన్నాను, ఓఎస్‌తో సహా అన్నీ మిర్రర్ చేద్దామని, అంటే రెండింట్లోనూ ఒకే కాపీ ఉండేలా. మదర్‌బోర్డు బయోస్‌లోనే రెయిడ్ ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే చాలు అని అమ్మినాయన అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అది వద్దు, లినక్స్‌లోనే చేయండి. బయోస్‌లో కనిపించే రెయిడ్ పేరుకే బోర్డుది, అసలు పని చేసేది మళ్లీ మీ ప్రాసెసరూ డ్రైవరూనే. కలిసొచ్చేది ఏమీ లేకపోగా రేపు బోర్డు కాలిపోతే ఆ డిస్కులు తీసుకెళ్లి ఎక్కడ తగిలించాలన్నది ఇంకో తలనొప్పి. లినక్స్ కెర్నల్లోని ఎండీ డ్రైవర్‌తో చేసిన మిర్రర్ అయితే రెండింట్లో ఏ ఒక్క డిస్కు పట్టుకెళ్లి ఏ లినక్స్ మెషీన్‌కి పెట్టినా తెరుచుకుంటుంది. దాన్ని నడిపే టూల్ ఎండీఆడమ్, నీల్ బ్రౌన్ 2001లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ దొరుకుతుంది.

డిస్కులు బిగించే ముందే ఒక పని చేయండి. ఒక్కో డిస్కు మీద ఉన్న సీరియల్ నంబరులో చివరి నాలుగంకెలు చిన్న స్టిక్కర్ మీద రాసి, క్యాబినెట్ తెరవగానే కనిపించే వైపు అంటించండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని సిస్టమ్ చూపించే పేర్లను నమ్ముకోకండి, రీబూట్‌కి రీబూట్‌కి అవి మారిపోవచ్చు. పోయిన డిస్కు బదులు బతికున్న డిస్కు పీకేయడం అనేది ఈ రంగంలో అందరూ వినే కథే, దానికి మందు ఆ స్టిక్కరే.

పార్టిషన్ చేసేటప్పుడు డిస్కు చివర ఒక 100 ఎంబీ వదిలేయండి. రేపు మార్చడానికి కొనే 4 టీబీ డిస్కు వేరే కంపెనీది అయి, కొద్ది సెక్టార్లు తక్కువ ఉన్నా సరిపోతుంది. లేదంటే "డిస్కు చిన్నదిగా ఉంది" అని చేర్చుకోదు, అప్పుడు ఆ టెన్షన్‌లో ఏం తోచదు.

మిర్రర్ తయారు చేయడం ఒక్క కమాండ్ పని: ఎండీఆడమ్‌కి క్రియేట్ అని చెప్పి, లెవెల్ 1 (రెయిడ్‌లో మిర్రర్‌కి ఉన్న నంబరు), డివైజులు 2 అని ఇచ్చి, రెండు పార్టిషన్ల పేర్లు రాయడమే. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తున్నారు కాబట్టి ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లోనే మెనూల ద్వారా ఇదంతా చేయొచ్చు. మొదటిసారి రెండూ ఒకటయ్యేదాకా గంటలు పడుతుంది, ఆ టైమ్‌లో సర్వర్ వాడుకోవచ్చు, ఖాళీగా కూర్చోనక్కర్లేదు.

మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది బూట్ సంగతి. కంప్యూటర్ ఆన్ అవగానే ఫర్మ్‌వేర్ చదివే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి ఉంటుంది, ఆ ఫర్మ్‌వేర్‌కి ఎండీ అంటే ఏంటో తెలియదు. మామూలుగా అది మొదటి డిస్కు మీదే తయారవుతుంది. ఆ డిస్కు పోయిందనుకోండి, డేటా రెండో డిస్కులో చక్కగా ఉన్నా సర్వర్ బూట్ అవదు. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో రెండో డిస్కుని కూడా బూట్ డివైజ్‌గా చేర్చే ఆప్షన్ ఉంది, దాన్ని తప్పకుండా వాడండి. డెబియన్ అయితే రెండో డిస్కు మీద కూడా ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, బూట్ లోడర్‌ని మీరే ఎక్కించాలి.

ఇంకో చిన్న విషయం, మీకు తర్వాతెప్పుడైనా కొత్త అర్రే (రెయిడ్‌గా కట్టిన డిస్కుల జట్టు) చేయాల్సి వస్తే పనికొస్తుంది. ఎండీ0 అని పేరు పెట్టి చేస్తారు, రీబూట్ చేశాక చూస్తే ఎండీ127 అని కనిపిస్తుంది, కంగారు పడతారు. ఏమీ పోలేదు. అర్రే వివరాలు ఎండీఆడమ్ కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేయకపోతే అలా అవుతుంది. ఆ రెండూ చేస్తే సరి. మౌంట్ చేసేటప్పుడు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఫైల్లో) డివైజ్ పేరు కాకుండా యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు సంఖ్య) రాస్తే అసలీ గొడవే ఉండదు.

ఇక మెయిల్. అదే కాన్ఫిగరేషన్ ఫైల్లో మెయిల్ అడ్రస్ రాసే లైను ఉంటుంది, అక్కడ మామూలుగా రూట్ అని ఉంటుంది. అంటే డిస్కు పోతే సర్వర్ తనలో తానే ఒక ఉత్తరం రాసుకుంటుంది, అది ఎవరూ చదవరు. మీరు రోజూ చూసే మెయిల్ రాయండి, బయటికి మెయిల్ వెళ్లేలా పోస్ట్‌ఫిక్స్ లాంటిది సెట్ చేయండి, ఎండీఆడమ్ మానిటర్‌లోని టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి పంపించి మీ ఫోన్‌కి వచ్చిందో లేదో చూడండి. మిర్రర్‌లో ఒక డిస్కు పోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియక, రెండోది కూడా పోయాక అందరూ పరుగులు తీసిన చోట్లు నేను చూశాను. రెండు డిస్కుల ఖర్చు పెట్టి ఒక డిస్కుతో బతకడమే అది.

అన్నీ అయ్యాక, అసలు పేషెంట్ల డేటా ఎక్కించక ముందే ఒక రిహార్సల్ వేయండి. సర్వర్ ఆఫ్ చేసి ఒక డిస్కు కేబుల్ తీసేయండి. ఆన్ చేయండి. బూట్ అయిందా? ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైల్ తెరిస్తే మామూలుగా బ్రాకెట్లో రెండు యూ అక్షరాలు ఉంటాయి, ఇప్పుడు ఒక యూ, ఒక ఖాళీ గీత కనిపించాలి. మెయిల్ వచ్చిందా? తర్వాత ఆఫ్ చేసి కేబుల్ పెట్టి, ఆ డిస్కుని మళ్లీ చేర్చి, సింక్ పూర్తిగా అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాతే రెండో డిస్కు కేబుల్ తీసి అదే పరీక్ష చేయండి. మధ్యలో ఆగకుండా ఇటొకటి అటొకటి పీకితే రెండు డిస్కుల్లో రెండు రకాల డేటా తయారవుతుంది, ఏది అసలో తేల్చడం కష్టం.

ప్రశ్న: వరంగల్‌లో మా కాలేజీ సర్వర్‌కి 8 టీబీ డిస్కులు నాలుగు శాంక్షన్ అయ్యాయి. రెయిడ్ 5 పెడితే 24 టీబీ వస్తుంది, 6 గానీ 10 గానీ పెడితే 16 టీబీనే. మేనేజ్‌మెంట్ వాళ్లు ఎక్కువ వచ్చేదే పెట్టమంటున్నారు. వాళ్లకి ఏం చెప్పమంటారు?

జవాబు: రెయిడ్ 5 వద్దని గట్టిగా చెప్పండి. రెయిడ్ 5 అంటే ఒక డిస్కు పోతే మిగతావాటి నుంచి లెక్కగట్టి డేటా తెచ్చుకునే ఏర్పాటు, 6 అంటే రెండు పోయినా అలా తెచ్చుకునేది, 10 అంటే జంటలు జంటలుగా మిర్రర్లు. కారణం ఇలా వివరించండి.

బర్కిలీలో ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో రెయిడ్ గురించి పేపర్ రాసినప్పుడు వాళ్లు లెక్కలోకి తీసుకున్న చిన్న డిస్కు 100 ఎంబీది. ఆ సైజులో ఒక డిస్కు పోతే కొత్తది పెట్టి నింపడం ఎంతసేపు? మీ 8 టీబీ డిస్కు సగటున సెకనుకి 150 ఎంబీ చొప్పున, వేరే ఏ పనీ లేకుండా రాసినా దాదాపు 15 గంటలు. కాలేజీ టైమ్‌లో అందరూ వాడుతుంటే ఇంకా చాలా ఎక్కువ. అంతసేపూ మిగతా మూడు డిస్కుల్ని మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా, అంటే 24 టీబీ మొత్తం, ఒక్క తప్పు లేకుండా చదవాలి. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్‌లో పది టు ది పవర్ ఆఫ్ 14 బిట్లకి ఒక రీడ్ ఎర్రర్ దాకా రావచ్చు అని రాసి ఉంటుంది, అది సుమారు 12.5 టీబీ. నిజానికి డిస్కులు దానికంటే బాగానే పనిచేస్తాయి, ఆ అంకె పట్టుకుని రీబిల్డ్ (కొత్త డిస్కుని తిరిగి నింపడం) ఖాయంగా ఫెయిల్ అవుతుందని భయపెట్టడం కూడా సరికాదు. కానీ నాలుగూ ఒకే రోజు, ఒకే బాక్సులోంచి వచ్చిన డిస్కులైతే, ఒకే వేడిలో ఒకే వయసు దాకా తిరిగినవైతే, ఒకటి పోయిన వారంలో ఇంకోటి నీరసపడటం వింతేమీ కాదు. రెయిడ్ 5లో ఆ రెండోదానికి చోటు లేదు.

రెయిడ్ 6లో ఏ రెండు పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 10లో ఒకటి పోయాక రెండోది పోతే, మిగిలిన మూడింట్లో అది పోయినదాని జంట కాకపోతేనే బతుకుతారు. కానీ 10లో రీబిల్డ్ అంటే జంట డిస్కుని కాపీ కొట్టడమే, మిగతావాటి మీద భారం పడదు, చిన్న చిన్న రైట్లు కూడా వేగంగా అవుతాయి. కాబట్టి క్లాసుల వీడియోలు, పీడీఎఫ్‌లు, స్టూడెంట్ల ఫైళ్లు ఉంచే సర్వర్ అయితే 6 పెట్టండి. డేటాబేస్, వర్చువల్ మెషీన్లు నడిపేది అయితే 10. మీ ఉత్తరంలో లైబ్రరీ వీడియోల ప్రస్తావన ఉంది కాబట్టి నేనైతే 6కే ఓటేస్తాను.

కొనేటప్పుడు వీలైతే రెండు వేర్వేరు షాపుల్లో, వేర్వేరు బ్యాచ్‌లవి తీసుకోండి. ఐదోది ఒకటి కొని బీరువాలో పెట్టమని కూడా అడగండి, శాంక్షన్ ఫైలు మళ్లీ కదిలేదాకా అర్రే ఒంటి కాలి మీద నిలబడకూడదు.

ప్రశ్న: అర్జెంట్ సర్. విశాఖ నుంచి రాస్తున్నాను. మా ఆఫీసు సర్వర్లో మిర్రర్ నుంచి ఒక డిస్కు బయటికి వెళ్లిపోయింది. స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) మాత్రం పాస్ అంటోంది. రీబూట్ చేస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా?

జవాబు: రీబూట్ ఇప్పుడే వద్దు. ముందు మిగిలిన డిస్కులోంచి డేటా మొత్తం వేరే చోటికి బ్యాకప్ తీయండి, అది పూర్తయ్యేదాకా ఇంకే ప్రయోగమూ చేయకండి. రీబిల్డ్ మొదలైతే ఆ ఒక్క డిస్కు మీద గంటల తరబడి భారం పడుతుంది, పోయేదుంటే అప్పుడే పోతుంది.

బ్యాకప్ చేతికొచ్చాక కారణం వెతకండి. స్మార్ట్ రిపోర్ట్‌లో పైన కనిపించే పాస్ అన్న మాటని పట్టించుకోకండి, చచ్చే స్థితిలో ఉన్న డిస్కులు కూడా అది చూపిస్తాయి. కింద ఉన్న టేబుల్లో 5, 197, 198, 199 నంబర్ల వరసలు చూడండి. 5 అంటే పాడైన సెక్టార్లని డిస్కు పక్కనపెట్టి వేరేవి వాడుకున్న లెక్క, 197 అంటే చదవలేక ఇంకా తేల్చుకోని సెక్టార్లు, 198 అంటే చదవడం సాధ్యం కాదని తేలినవి. వీటి చివర ఉండే అసలు అంకె సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే డిస్కు మార్చేయండి. ఇవన్నీ సున్నా ఉండి 199 ఒక్కటే పెరుగుతుంటే అది ఎక్కువగా సాటా కేబుల్ తప్పు. రెండు వందల రూపాయల కేబుల్ మార్చితే పోయేదానికి వేలు పోసి డిస్కు కొంటారు జనం.

ఏదీ పెరగలేదా? అప్పుడు మీరు వాడుతున్నది డెస్క్‌టాప్ డిస్కేమో చూడండి. ఇది చాలామందికి తెలియని సంగతి. డెస్క్‌టాప్ డిస్కుకి ఒక సెక్టార్ చదవడం కష్టమైతే అది మొండిగా నిమిషం పైన కూడా ప్రయత్నిస్తూనే ఉంటుంది, ఎవరికీ జవాబివ్వదు. లినక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్లు చూసి, డిస్కు పలకట్లేదని లింక్ రీసెట్ చేస్తుంది, చివరికి అర్రే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్కు పోయినట్టు. సర్వర్ల కోసం, నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లలో చేతులెత్తేస్తాయి, అప్పుడు అర్రే ఆ ఒక్క సెక్టార్‌ని రెండో డిస్కులోంచి తెచ్చి సరిదిద్దుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ ఏడు సెకన్ల పరిమితిని కొన్ని డిస్కులకి మనం పెట్టొచ్చు, అది పవర్ పోతే పోతుంది కాబట్టి ప్రతి బూట్‌లోనూ పెట్టేలా రాసుకోవాలి. డిస్కు ఒప్పుకోకపోతే కెర్నల్ టైమవుట్‌నే 180 సెకన్లకి పెంచాలి.

డిస్కు బాగానే ఉందని తేలితే తీసి మళ్లీ చేర్చండి. అర్రేకి బిట్‌మ్యాప్ (ఏ భాగాల్లో మార్పులు జరిగాయో గుర్తు పెట్టుకునే పట్టిక) ఉంటే మధ్యలో మారిన భాగాలే కాపీ అవుతాయి, నిమిషాల్లో అయిపోవచ్చు. మార్చాల్సిందే అయితే పీకే ముందు సీరియల్ నంబరు స్క్రీన్ మీద చూసి, డిస్కు మీద చూసి, ఇంకొకరి చేత కూడా చదివించండి.

ప్రశ్న: మాకు రెయిడ్ 1 ఉంది, కానీ మా స్టాఫ్ పొరపాటున ఒక ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశారు. రెండో డిస్కులోంచి తీసుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: తీసుకోలేరండీ. ఇక్కడ చెరిపిన క్షణమే అక్కడా చెరిగిపోయింది, మిర్రర్ పనే అది. వెంటనే ఆ ఫైల్ సిస్టమ్‌ని అన్‌మౌంట్ చేయండి, దాని మీద ఇంకేమీ రాయనివ్వకండి, తర్వాత ఫోటోరెక్ లాంటి టూల్‌తో వేరే డిస్కులోకి తీసి చూడండి. ఫైళ్ల పేర్లు రావు, అన్నీ వస్తాయన్న గ్యారంటీ లేదు. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేసిన చోట ఇదే జరుగుతుంది. దొంగతనం, రాన్సమ్‌వేర్, పవర్ సప్లై పేలి లోపలి డిస్కులన్నీ ఒకేసారి మాడిపోవడం, వీటిలో దేనికీ రెయిడ్ అడ్డురాదు. బోర్గ్ గానీ రెస్టిక్ గానీ (రెండూ బ్యాకప్ టూల్సే) పెట్టి రోజూ రాత్రి వేరే మెషీన్‌కి, వారానికోసారి ఆఫీసు బయట ఇంకో చోటికి కాపీ వెళ్లేలా చేయండి. నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తీసి తెరిచి చూడండి.

ప్రశ్న: డల్లాస్ నుంచి. ఇంట్లో సర్వర్ పెట్టుకుని అమ్మానాన్నల పాత ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో దాస్తున్నాను. జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ పని కూడా తానే చూసుకునే ఫైల్ సిస్టమ్) మంచిదని ఫ్రెండ్స్ అంటున్నారు, ఎండీఆడమ్ చాలంటారా? ఇంకోటి, ఫ్రెండ్ వాళ్ల సర్వర్‌లో డిస్కు మారిస్తే రీబిల్డ్ రోజుల తరబడి సాగింది, ఎందుకు?

జవాబు: ఏళ్ల తరబడి దాచుకునే ఫోటోలకి నేను జెడ్‌ఎఫ్‌ఎస్ వైపే ఉంటాను. ఎండీ మిర్రర్‌లో రెండు కాపీలు వేర్వేరుగా ఉన్నాయని చెక్‌లో తేలినా, ఏది సరైనదో దానికి తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) రాసుకుంటుంది కాబట్టి చదివేటప్పుడు పాడైనదాన్ని పట్టేసి, మంచి కాపీతో సరిచేస్తుంది. నెలకోసారి స్క్రబ్ నడిపితే ఎవరూ తెరవని ఫోటోని కూడా అలా తనిఖీ చేస్తుంది. స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచినవి) ఉంటాయి, విజయవాడ ఉత్తరంలో లాంటి డిలీట్ జరిగితే వెనక్కి వెళ్లొచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన దీని లైసెన్సు లినక్స్ కెర్నల్ లైసెన్సుతో కలవదు, అందుకని కెర్నల్ లోపల ఉండదు. ఉబుంటు 16.04 నుంచి రెడీగా ఇస్తోంది, డెబియన్‌లో విడిగా ఎక్కించాలి, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు మాడ్యూల్ మళ్లీ తయారవ్వాలి. రెయిడ్-జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5, 6 లాంటిది) గుంపులోకి ఒక్కో డిస్కు చేర్చి పెంచుకునే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 నుంచే ఉంది. టీబీకి ఒక జీబీ ర్యామ్ తప్పనిసరి అని చెప్తుంటారు, ఇంటి సర్వర్‌కి అంత అక్కర్లేదు, 8 జీబీతో హాయిగా నడుస్తుంది. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు మీద మాత్రం దీన్ని పెట్టకండి, డిస్కుల్ని నేరుగా దానికే ఇవ్వండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ కూడా చెక్‌సమ్‌లు చేస్తుంది, కెర్నల్లోనే ఉంది, మిర్రర్ వరకూ బాగుంటుంది. దాని రెయిడ్ 5, 6 జోలికి మాత్రం వెళ్లొద్దు.

మీ ఫ్రెండ్ సంగతి వింటే ఎస్‌ఎంఆర్ డిస్కు అనిపిస్తోంది. ఇంటి పైకప్పు పెంకుల్లా ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాస్తారు వాటిలో, చోటు కలిసొస్తుంది, కానీ ఒక చోట మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. ఆగకుండా గంటల తరబడి రాయాల్సిన రీబిల్డ్‌లో అవి ఊపిరాడక ఆగిపోతాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల నాస్ డిస్కులు రెడ్ సిరీస్‌లో కొన్ని సైజులు ఇలాంటివేనని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాత సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని మామూలు) రకానికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. కొనే ముందు మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ డేటాషీట్‌లో సీఎంఆర్ అని ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: అనంతపురంలో మా షాపులో కరెంటు పోయినప్పుడల్లా సర్వర్ ఆగిపోయి, మళ్లీ ఆన్ అయ్యాక గంటల కొద్దీ రీసింక్ అంటుంది. ఇన్వర్టర్ ఉంది, అయినా ఆగుతోంది.

జవాబు: రెండు వేర్వేరు పనులున్నాయి మీకు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే ఆ కాస్త టైమ్‌ని ఫ్యాను తట్టుకుంటుంది, సర్వర్ పవర్ సప్లై తట్టుకోదు. ఆ స్విచ్ లేకపోతే సర్వర్‌కి విడిగా యూఎస్‌బీ పోర్ట్ ఉన్న చిన్న యూపీఎస్ కొని, నట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టండి, బ్యాటరీ తగ్గగానే అదే సర్వర్‌ని మర్యాదగా షట్‌డౌన్ చేస్తుంది.

గంటల కొద్దీ రీసింక్ అవుతోందంటే మీ అర్రేకి బిట్‌మ్యాప్ లేదు. 100 జీబీ దాటిన అర్రేలకి ఎండీఆడమ్, వెర్షన్‌ని బట్టి, తనంతట తానే పెడుతుంది లేదా పెట్టమంటారా అని అడుగుతుంది, మీది పాతదై ఉంటుంది. గ్రో ఆప్షన్‌తో, సర్వర్ నడుస్తుండగానే, ఇంటర్నల్ బిట్‌మ్యాప్ చేర్చొచ్చు, డేటాకి ఏమీ కాదు. ఆ తర్వాత కరెంటు పోయినా అప్పుడు రాస్తున్న భాగాలే సరిచూసుకుంటుంది. మీది మిర్రర్ కాబట్టి సరిపోయింది, రెయిడ్ 5, 6 వాళ్లకి ఇలా మధ్యలో పవర్ పోతే డేటా ఒకలా ప్యారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కగట్టడానికి రాసుకునే అంకెలు) ఒకలా మిగిలిపోయి, ఆ వెంటనే ఒక డిస్కు కూడా పోతే తప్పుడు డేటా తయారయ్యే ప్రమాదం ఉంది, వాళ్లు యూపీఎస్ లేకుండా అసలు నడపకూడదు. యూపీఎస్ వచ్చాక ఒక ఆదివారం షాపు మూసిన టైమ్‌లో మెయిన్ స్విచ్ తీసి, సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుందో లేదో పక్కనే ఉండి చూడండి, బ్యాటరీ పాతబడే కొద్దీ ఆ టైమ్ తగ్గుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి.